ముందొచ్చినా తప్పే!

మొన్న తిరుమల కొండ దిగి వస్తున్నాం. కారు మా తమ్ముడు నడుపుతున్నాడు. పైన గేటు దగ్గర టైము వేసిచ్చిన చీటీ నా చేతిలో ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కడానికి 28 నిమిషాలూ, దిగడానికి 40 నిమిషాలూ తగ్గకూడదని నియమం. ముందే ఊడిపడితే జరిమానా.

"ఇంకెంత సేపుండాదక్కా?"

"తొమ్మిది నిమిషాలు. మెల్లిగా పోనీరా."

"నువ్వు ర్యాలీలో నావిగేటరు మాదిరుండావే!" అని నవ్వాడు. వాడికి చిన్నప్పట్నించీ మోటారు పందేల పిచ్చి.

ర్యాలీ అంటే దుమ్ము లేపుకుంటూ పోవడమే అనుకునేదాన్ని. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. వేగం చూపించేది జనాన్ని ఆపేసిన రోడ్డు ముక్కల మీద మాత్రమేనట. మిగతాదంతా మామూలు రోడ్డే, చెప్పిన చోటికి చెప్పిన నిమిషానికి చేరాలి. ప్రపంచ ర్యాలీ పోటీల్లో ఒక నిమిషం ఆలస్యమైతే శిక్ష 10 సెకన్లు, ఒక నిమిషం ముందొస్తే 60 సెకన్లు! చూశారా, అక్కడా తొందరకే పెద్ద జరిమానా.

1911లో మొదటి మాంటీకార్లో ర్యాలీలోనైతే కారు అందానికీ, కూర్చున్నవాళ్ళ సుఖానికీ కూడా మార్కులు వేశారు. పెళ్ళిచూపులే అనుకోండి! ఆన్రీ రూజియే గెలిచాడంటే పెద్ద గొడవే అయింది.

తర్వాత కార్లు మారాయి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే ఆడి క్వాట్రో వచ్చింది. 1981లో ఇటలీలోని శాన్‌రెమోలో ఆ కారు నడిపి మిషెల్ మూటన్ గెలిచింది. ప్రపంచ ర్యాలీ గెలిచిన మొదటి స్త్రీ ఆమే. పక్క సీట్లో దారి చెప్పిందీ ఆడదే, ఫాబ్రిత్సియా పోన్స్.

"కారు అట్లాంటిదిలే అక్కా" అన్నాడు తమ్ముడు.

నాకు ఒళ్ళు మండింది. అదే పోటీలో హన్ను మికోలా అంతటివాడు అదే క్వాట్రో నడిపి నాలుగోవాడుగా వచ్చాడు. మరి ఆయనకు కారు సాయం చేయలేదా?

కార్ల బలం మితిమీరి ప్రాణాలు పోయాక, ఆ తరగతి బండ్లను 1986తో ఆపేశారు. 2022లో బ్యాటరీ సాయం తెచ్చారు, 2025లో తీసేశారు. పక్క సీటు మాత్రం తీయలేదు. ముందుగా రోడ్డు చూసి రాసుకున్న మలుపులన్నీ ఒకరు చదవాలి, ఇంకొకరు నమ్మి తిప్పాలి.

మన కొండా అంతే. విశ్వేశ్వరయ్యగారి పథకం ప్రకారం 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1974లో రెండోది వచ్చాక పాతది దిగడానికి మిగిలింది. నా చిన్నప్పుడు ఆయాసపడే అంబాసిడర్‌కు నీళ్ళు పోసుకుంటూ ఎక్కేవాళ్ళం. ఇప్పుడు కరెంటు బస్సులు చప్పుడు లేకుండా ఎక్కుతున్నాయి.

నెల తిరక్కుండా మళ్ళీ వెళ్ళాం. దిగేటప్పుడు తమ్ముడు తనంతట తనే చీటీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పక్కా, నేను రోడ్డు చూస్తా."