మా తరగతి అప్పలరాజులు

సింహాచలం గుడిలో కులోత్తుంగ చోళుని కాలంనాటి, 1098-99 శాసనం ఉంది. ఆ కొండమీది అప్పన్నే మా వైపు అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు అయ్యాడు. ఇక సింహాచలం అని పేరు పెడితే మగపిల్లాడో ఆడపిల్లో కూడా తెలీదు! శ్రీకూర్మం మాకు కూర్మారావులను, అరసవల్లి సూర్యనారాయణలను ఇచ్చాయి.

కళింగపట్నం బడిలో మా తరగతిలో అప్పలరాజులం నలుగురం. హాజరు పిలిస్తే నాలుగు గొంతులు లేచేవి. మాస్టారు నన్ను లైటుహౌసు అప్పలరాజును చేశారు. అయినా బందరువానిపేట అప్పలరాజు తీయాల్సిన గుంజీలు నేను తీసిన రోజులున్నాయి.

పదో తరగతి అయ్యాక నా పాలిటెక్నిక్ ఇంటర్వ్యూ కార్డు వాడింటికి పోయింది. మా ఇంటిపేర్ల మొదటి అక్షరం కూడా ఒకటే మరి. వాళ్లమ్మ వీధంతా బెల్లం పంచేసింది. తర్వాత కార్డు మీద తండ్రి పేరు చూసుకుని, ఆ రాత్రే ఇసుకలో నడిచొచ్చి నా చేతికిచ్చాడు. "నీదిరా" అన్నాడు, అంతే. వాడికి కార్డు రాలేదు. మర్నాడు తెల్లవారకముందే తండ్రితో వేటకెళ్లిపోయాడు.

మొన్న మన సభ్యుల జాబితాలో నా పేరు ఎదుట వాడి ఫోన్ నంబరు పడింది. ఎవరైనా "ఇంజనీరు గారా?" అని అడిగితే, "ఉండండి, నంబరిస్తాను" అంటున్నాడట.