పక్షములేని ధనికుడు

తాను ఏ పక్షమునకును చెందనని, తన ధనమే తనకు చాలునని చెప్పు అభ్యర్థి మాట వినసొంపుగా నుండును. ధనవంతుడు లంచమునకు లోబడడనియు, పక్షములేనివాడు ప్రజలందరి పక్షమునే వహించుననియు మనము సులభముగా నమ్ముదుము. ఈ నమ్మకమునకు చరిత్రలో ఆధారమెంత? అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1992లో జరిగిన అధ్యక్ష ఎన్నికను పరిశీలించినచో కొంత తెలియగలదు.

పక్షములయెడ అనుమానము ఆ దేశమునకు క్రొత్త కాదు. మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1796లో వెలువరించిన వీడ్కోలు సందేశములోనే పక్షద్వేషము దేశమునకు చేటు తెచ్చునని హెచ్చరించెను. అయినను ఆయన క్రింద మంత్రులుగా పనిచేసిన హామిల్టన్, జెఫర్సన్‌ల అనుయాయులు అప్పటికే రెండు పక్షములుగా చీలియుండిరి. అభిప్రాయభేదము ఉన్నచోట పక్షము పుట్టక మానదు.

1992 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రపు కోటీశ్వరుడు రాస్ పెరో ఒక టెలివిజన్ కార్యక్రమములో మాట్లాడుచు, ప్రజలే పూనుకొని 50 రాష్ట్రములలోను ఓటుపత్రములపై తన పేరు ఎక్కించినచో అధ్యక్షపదవికి నిలుతునని చెప్పెను. వేలకొలది జనులు వీధులలో నిలిచి సంతకములు సేకరించిరి. ప్రభుత్వపు లోటును గూర్చియు, పెరుగుచున్న ఋణమును గూర్చియు ఆయన చెప్పినదానిలో సత్యము కలదు. పెద్ద పక్షములు రెండును ఆ ప్రశ్నను దాటవేయుచున్నవని అనేకులు విసిగియుండిరి. జూన్ నాటికి కొన్ని అభిప్రాయ సేకరణలలో ఆయనయే అందరికంటె ముందుండెను.

జులై 16న ఆయన హఠాత్తుగా విరమించుకొనెను. అక్టోబరు 1న మరల రంగమున ప్రవేశించెను. ఎండలో నిలిచి సంతకములు కూర్చినవారు మొదటి నిర్ణయమునకు నివ్వెరపోయిరి. దానిని త్రోసిపుచ్చుటకు అధికారముగల సభ గాని సంఘము గాని వారికి లేకుండెను. ఉద్యమము వేలమందిది, తాళపుచెవి ఒక్కనిది.

ఇక ధనము సంగతి. బుష్, క్లింటన్‌లు ప్రభుత్వనిధిని స్వీకరించి వ్యయమునకు పరిమితి నంగీకరించిరి. స్వంత సొమ్ము వెచ్చించు అభ్యర్థికి పరిమితి విధింపరాదని 1976లోనే ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. పెరో 6 కోట్ల డాలర్లకు పైగా స్వంత ధనము వెచ్చించి, టెలివిజన్‌లో అరగంటలకు అరగంటలు కాలము కొని, పటములు చూపుచు ప్రసంగించెను. ఆయన ధనము సైతము ప్రభుత్వముతో సంబంధము లేనిది కాదు. 1962లో స్థాపించిన ఆయన సంస్థ ప్రభుత్వ వైద్య బీమా లెక్కల కాంట్రాక్టులతోనే ఎంతో వృద్ధి పొందెను.

ఎన్నికలో ఆయనకు 1 కోటి 97 లక్షల ఓట్లు, అనగా నూటికి సుమారు 19 వంతులు వచ్చెను. కాని అధ్యక్షుని ఎన్నుకొను 538 మంది ఎలక్టర్లలో ఒక్కడైనను ఆయనకు లభింపలేదు. గెలిచియుండినను, చట్టములు చేయు కాంగ్రెసులో ఆయన పేర గెలిచిన సభ్యుడొక్కడును ఉండెడివాడు కాడు. తుదకు 1995లో ఆయనయే ‘రిఫార్మ్ పార్టీ’ని స్థాపించి, 1996లో దాని అభ్యర్థిగా నిలిచి, నూటికి 8 వంతుల ఓట్లు మాత్రము పొందెను. పక్షములకు వెలుపల నిలిచినవాడే పక్షమును కట్టవలసివచ్చెను.

పక్షములు నిర్దోషులని మేము చెప్పబోము. వానిలోను ధనబలము కలదు, ముఠాలు కలవు. అయినను పక్షమునకు రేపు అనునది యుండును. నేటి తప్పునకు రాబోవు ఎన్నికలో దానిని శిక్షింపవచ్చును. నాయకుడు తప్పిపోయినచో మరియొకని నిలుపవచ్చును. దాతలు చేయి ముడిచినచో అది తన త్రోవను మార్చుకొనవలసియుండును. స్వంత సంచి విప్పి నిలిచినవానిని మరలించుటకు ఎవరికిని వీలులేదు.

కావున అట్టి అభ్యర్థి మన ముంగిటికి వచ్చినపుడు, ఆయన ఎవరికి లోబడడో విని సంతోషించుటతో తృప్తిపడరాదు. ఎవరికి జవాబు చెప్పునో కూడ అడుగవలెను.