విశ్రాంపూర్: ఎదురుచూపులో శాంతి

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలాన్ని అడ్వెంట్ అంటారు. లాటిన్‌లో ఈ మాటకు 'రాక' అని అర్థం. తెలుగు క్రైస్తవులు దీన్ని ఆగమన కాలం అంటారు. క్రీస్తు రాకకై ఎదురుచూసే ఈ రోజుల్లో విశ్వాసి పొందే మనశ్శాంతి ఎలాంటిది? ఛత్తీస్‌గఢ్ చరిత్రలో ఒక ఊరిని చూద్దాం.

జర్మన్ మిషనరీ ఆస్కార్ లోర్ మొదట రాంచీలో పనిచేశారు. 1857 తిరుగుబాటులో అక్కడి మిషన్ చెదిరిపోగా అమెరికా వెళ్లారు. 1868లో రాయ్‌పూర్ వచ్చి, ఆ ప్రాంతంలో బీడుభూమి కొని ఊరు కట్టారు. దాని పేరు విశ్రాంపూర్, అంటే విశ్రాంతి స్థలం. అంటరానితనాన్ని అనుభవించిన సత్నామీలు కొందరు అక్కడ చేరారు. కాని 1896-97లోనూ, 1899-1900లోనూ కరవులు వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ మిషన్ ఆవరణలు అనాథ పిల్లలతో నిండాయి.

పిల్లలకు ఎదురుచూపు మరీ కష్టం. జర్మనీలోని హాంబర్గ్‌లో 1839లో యోహాన్ విఖెర్న్, నిరుపేద పిల్లలు క్రిస్మస్‌కు రోజులు లెక్కపెట్టుకొనేందుకు ఒక చక్రంపై కొవ్వొత్తులు అమర్చారు. నేటి అడ్వెంట్ దీపవలయానికి మూలం అదే. గమనించండి: ఆ వారాల్లో ఉత్తరార్ధగోళంలో పగలు తగ్గుతూ ఉంటుంది. డిసెంబరు 21 నాటికి రాయ్‌పూర్‌లో పగలు దాదాపు 11 గంటలు, హాంబర్గ్‌లో ఏడున్నర గంటలే. చీకటి పెరిగేకొద్దీ దీపాలూ పెరుగుతాయి.

విశ్రాంపూర్ చర్చి పేరు ఇమ్మానుయేలు. 'దేవుడు మనకు తోడు' అని దాని అర్థం. కష్టం ఉండదని ఆ పేరు చెప్పదు. కష్టంలో ఒంటరివి కావంటుంది. ఆగమన కాలపు శాంతి అదే.