ఒక పేరు, రెండు పటాలాలు

బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. అక్కడి తెలుగు ఇళ్ళలో "తాతగారు హైదరాబాదు పటాలంలో ఉండేవారు" అని ఎవరైనా అంటే, ఏ పటాలమని మేము ముందుగా అడుగుతాము. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ పేరు రెండు సైన్యాలలో ఉండేది. బ్రిటిషిండియా సైన్యంలోని 19వ హైదరాబాదు రెజిమెంటు 1945లో కుమావూన్ రెజిమెంటయింది. నిజాం సొంత సైన్యంలోని ఒకటవ హైదరాబాదు పదాతిదళం వేరు. 1941 డిసెంబరు 8న జపానువారు మలయాలో కోటబారు తీరాన దిగినప్పుడు అక్కడి విమానాశ్రయాన్ని కాపాడే పని దానిదే.

ఆ రెజిమెంటు నాలుగవ బెటాలియన్ కూడా అప్పుడు మలయాలోనే ఉంది. కాబట్టి ఊరి పేరొక్కటే చాలదు. "పటాలం" అన్నది బెటాలియనుకు సోదర పదమే అయినా, వాడుకలో ఏ సైన్యానికైనా చెల్లుతుంది. సామాన్య సిపాయి చరిత్రకు ఇంటిమాట ఆరంభం. అతనికి జీతమిచ్చిన సర్కారు ఏదో చెప్పే పాతకాగితం దానికి నిర్ధారణ.