మట్టిలో నాటిన కొయ్య సిలువ: సంఘ చరిత్రలో మూడు సాక్ష్యాలు

విశ్వాసి ఇంటి ముంగిట, మందిర ఆవరణలో, సమాధుల తోటలో, ఊరి బయట గుట్టమీద కొయ్యతో చేసిన సిలువను నిలపడం మన సంఘాలకు కొత్త కాదు. రెండు దుంగలు, ఒక వడ్రంగి, ఒక పూట పని ఉంటే సరిపోతుంది. చేయడం ఇంత సులువు గనుకనే దాని గురించి మనము ఎక్కువగా ఆలోచించము. అయితే ఆ సిలువను ఎవరు నాటారు, ఎవరి నేలలో నాటారు, నాటిన తరువాత అక్కడ ఏమి జరిగింది అనే ప్రశ్నలు వేసుకుంటే, ఒకే ఆకారము గల కొయ్య వేర్వేరు కాలాలలో వేర్వేరు మాటలు పలికినట్లు తెలుస్తుంది. 7, 16, 20 శతాబ్దాలకు చెందిన మూడు సంఘటనలను ఈ వ్యాసంలో మేము ఆ దృష్టితో పరిశీలిస్తాము.

మొదట ఒక పదాన్ని గమనించాలి. క్రొత్త నిబంధనలో సిలువకు సాధారణంగా వాడిన గ్రీకు పదము ‘స్టౌరోస్’. నేలలో నిలువుగా పాతిన కొయ్య అని దాని మూలార్థము. అపొస్తలుల కార్యములు 5:30, గలతీయులకు 3:13, 1 పేతురు 2:24 వచనాలలో మాత్రము ‘క్సులోన్’ అనే పదము ఉంది. కొయ్య, చెట్టు అనే రెండర్థాలూ దానికున్నాయి. మన తెలుగు అనువాదకులు ఇక్కడ ‘మ్రాను’ అని వాడారు. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములోని శాపపు మ్రాను ఈ మాట వెనుక ఉన్నది. కాబట్టి కొయ్య సిలువ పుట్టుకలో అలంకారము లేదు, అవమానము ఉంది. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని చరిత్రలోనికి వెళ్దాము.

1. హెవెన్‌ఫీల్డ్: చేతులతో పట్టుకొన్న సిలువ

ఇంగ్లాండు ఉత్తర ప్రాంతంలో, రోమీయులు కట్టిన హాడ్రియన్ గోడకు సమీపాన హెవెన్‌ఫీల్డ్ అనే చోటు ఉంది. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన సంఘ చరిత్ర గ్రంథంలో అక్కడ జరిగిన సంగతిని వివరంగా వ్రాశాడు. ఓస్వాల్డ్ అనే యువరాజు చాలా ఏండ్లు ప్రవాసంలో గడిపి, స్కాట్లాండు పడమటి తీరానికి చెందిన అయోనా మఠస్థుల మధ్య విశ్వాసము నేర్చుకొని స్వదేశానికి తిరిగివచ్చాడు. 633 లేక 634లో కాడ్వాలన్ అనే రాజుతో యుద్ధానికి ముందు అతడు తొందరగా ఒక కొయ్య సిలువను చేయించాడు. గుంట త్రవ్వారు. సైనికులు మట్టి పోసి గట్టిపరచేవరకు రాజే రెండు చేతులతో దానిని పట్టుకొని నిలబడ్డాడు. తరువాత అందరినీ మోకరించి ప్రార్థించమన్నాడు. బెర్నీషియా దేశమంతటిలో అంతకుముందు ఒక మందిరము గాని, బలిపీఠము గాని, క్రైస్తవ గుర్తు గాని లేదని బీడ్ చెబుతున్నాడు.

ఓస్వాల్డ్ ఆ యుద్ధంలో గెలిచాడు. సిలువ విజయానికి మంత్రము అనుకోవడానికి ఇక్కడ అవకాశము ఉంది. ఆ ప్రమాదము బీడ్ గ్రంథంలోనే కనబడుతుంది. ఆ కొయ్యనుండి పేళ్లు తీసి నీళ్లలో వేసి, ఆ నీటిని రోగులకూ పశువులకూ ఇచ్చేవారని, అవి స్వస్థత పొందేవని అతడు సంతోషంగా వ్రాశాడు. ఆ కొయ్యమీద పట్టిన నాచుతో హెక్సమ్ మఠస్థుడొకరి విరిగిన చేయి బాగైనదని కూడా వ్రాశాడు. అయితే ఓడిపోయిన కాడ్వాలన్ కూడా పేరుకు క్రైస్తవుడేనని వ్రాసినది ఆ బీడే. అంటే ఇది సిలువకూ విగ్రహాలకూ మధ్య జరిగిన పోరాటము కాదు. ఇరువైపులా బాప్తిస్మము పొందిన రాజులే ఉన్నారు.

మరి ఆ సిలువ ఫలము ఎక్కడ వెదకాలి? యుద్ధము తరువాత జరిగిన దానిలో అని మా అభిప్రాయము. ఓస్వాల్డ్ అయోనానుండి బోధకుని పంపమని కోరాడు. 635లో ఐడన్ వచ్చి లిండిస్‌ఫార్న్ ద్వీపంలో స్థిరపడ్డాడు. ఐడన్‌కు ఆంగ్లేయుల భాష బాగా రాదు. ప్రవాసంలో ఐరిష్ భాష నేర్చుకొన్న రాజు తన అధికారుల మధ్య నిలబడి బోధకుని మాటలను అనువదించేవాడు. సిలువను పట్టుకొన్న రాజు వాక్యానికి దుబాసీ అయ్యాడు. ఆ పాత కొయ్య ఇప్పుడు లేదు, రోడ్డు ప్రక్కన నేడు కనిపించే సిలువ ఆధునిక కాలంలో నిలిపినది. వాక్యము మాత్రము ఆ దేశంలో నిలిచింది.

2. గాస్పే: అడగకుండా నాటిన సిలువ

రెండవ సంఘటన మనలను బాధపెట్టేది. 1534 జూలై 24న ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే నేటి కెనడాలోని గాస్పే తీరాన 30 అడుగుల ఎత్తుగల కొయ్య సిలువను నిలిపాడు. అడ్డ దుంగ క్రింద మూడు లిల్లీ పువ్వులున్న ఫ్రాన్సు రాజచిహ్నాన్ని, దానిపైన తన రాజుకు జయమని చెక్కిన పలకను బిగించాడు. నావికులు దాని చుట్టూ మోకరించి, ఆకాశమువైపు చేతులు చూపి, తమ విమోచన దానిలోనే ఉన్నదని అక్కడివారికి సైగలతో తెలిపారు.

అప్పుడు ఆ ప్రజల నాయకుడైన డొన్నకొనా పడవలో కుమారులతో కలిసి ఓడ దగ్గరకు వచ్చాడు. సిలువను చూపించి, రెండు వ్రేళ్లను అడ్డంగా పెట్టి, చుట్టూ ఉన్న నేలనంతటినీ చూపించాడు. ఈ నేల మాది, మా సెలవు లేకుండా దీనిని నాటకూడదు అని ఆ సైగల భావము. ఇది కార్టియే యాత్రావృత్తాంతంలోనే ఉన్న సంగతి. అది ఓడలకు దారి చూపే గుర్తు మాత్రమేనని అతనికి చెప్పారు. కొయ్యమీద ఉన్న రాజచిహ్నము ఆ జవాబు నిజము కాదని చూపుతూనే ఉంది. కార్టియే డొన్నకొనా కుమారులిద్దరిని ఫ్రాన్సుకు తీసుకొనిపోయి 1535లో తిరిగి తెచ్చాడు. 1536 మే 3న, పరిశుద్ధ సిలువ పండుగనాడు, వారి గ్రామమైన స్టాడకోనా దగ్గర మరొక పెద్ద సిలువను నాటించాడు. ఆ దినమే డొన్నకొనాను పట్టి బంధించాడు. ఆ వృద్ధ నాయకుడు స్వదేశాన్ని మరల చూడలేదు, ఫ్రాన్సులోనే మరణించాడు.

ఆ నావికుల మోకాళ్లు కపటముతో వంగాయని మేము అనము. కాని శాపగ్రస్తుల పక్షాన నిలిచిన మ్రానుకు రాజముద్ర తగిలించినప్పుడు, దాని ఎదుట నిలబడిన అన్యజనుడు చదివినది ముద్రనే. అతడు తప్పుగా చదవలేదు. సువార్త వినకముందే అతడు సిలువను సరిహద్దు రాయిగా చూడవలసివచ్చింది.

3. షౌలై: రాత్రివేళ నాటిన సిలువలు

మూడవది లిథువేనియాలోని షౌలై పట్టణానికి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిలువల కొండ. రష్యా చక్రవర్తి పాలనపై 1831లోను, 1863లోను జరిగిన తిరుగుబాట్లలో చనిపోయిన వారి దేహాలు దొరకని కుటుంబాలు ఈ చిన్న దిబ్బమీద సిలువలు నాటినట్లు చెబుతారు. సమాధి లేనివారికి అదే సమాధి గుర్తు అయింది. సోవియట్ కాలంలో సైబీరియాకు తరలించబడిన వారి జ్ఞాపకార్థము మరికొన్ని చేరాయి.

1961 ఏప్రిల్‌లో ప్రభుత్వము బుల్డోజర్లను పంపింది. కొయ్య సిలువలను కాల్చారు, ఇనుప సిలువలను పాత ఇనుముగా తరలించారు, రాతి సిలువలను పగులగొట్టి పాతిపెట్టారు. ప్రజలు రాత్రివేళ వచ్చి మరల నాటారు. 1970లలో కూడా పలుమార్లు తొలగించారు, ప్రజలు మరల నాటారు. 1990లో ఆ దేశము స్వాతంత్ర్యము ప్రకటించుకొంది. 1993 సెప్టెంబరు 7న పోపు రెండవ జాన్ పాల్ ఆ కొండను దర్శించారు. లిథువేనియా సిలువల చెక్కడపు పనిని యునెస్కో 2001లో మానవజాతి వారసత్వ కళాఖండముగా ప్రకటించింది.

ఇది రోమను కతోలిక సంప్రదాయానికి చెందిన స్థలము. సిలువల సంఖ్యను పెంచడమే భక్తి అనే భావనను మనము అంగీకరించనవసరము లేదు. అయినా ఒక సంగతి గమనించదగినది. గాస్పేలో బలవంతుడు నాటితే బలహీనుడు అభ్యంతరము చెప్పాడు. షౌలైలో బలహీనులు నాటితే బలవంతుడు పెకలించాడు. గొల్గొతా ఏ పక్షాన ఉన్నదో బోధకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

4. కొయ్య నేర్పే పాఠము

కొయ్య సిలువ చేసిన ప్రతివాడూ ఎదుర్కొనే సమస్య ఒకటుంది: అది పుచ్చిపోతుంది. తేమా గాలీ రెండూ అందే చోటు గనుక నేలను ఆనుకొన్న జానెడు భాగము ముందుగా పాడవుతుంది. మన ప్రాంతంలో చెదలు కూడా తోడవుతాయి. అందుకే అనుభవము గల వడ్రంగి చేవ ఉన్న కర్రనే ఎంచుతాడు. రెండు దుంగలనూ మందంలో సగము చొప్పున చెక్కి ఒకదానిలో ఒకటి ఇమిడ్చి, ఆపైన బోల్టు బిగిస్తాడు. ఉత్త మేకులమీద ఆధారపడితే అడ్డ దుంగ కొంతకాలానికి ఒరుగుతుంది. మొత్తము నిడివిలో నాలుగవ వంతుకు తగ్గకుండా భూమిలో ఉండాలి. గుంట అడుగున గులకరాళ్లు పోస్తే నీరు నిలువదు. లిథువేనియా పనివారు తరచుగా ఓకు కర్ర వాడి, సిలువ పైభాగాన చిన్న కప్పు అమర్చుతారు.

ఇంత చేసినా ఒక తరము తరువాత దానిని మార్చవలసిందే. ఇది లోపమని మేము అనుకోము. రాతి సిలువ తాతలు నాటినదిగా మిగిలిపోవచ్చు. కొయ్య సిలువను మనవలు మరల చేయాలి. అప్పుడు, ఎందుకు నిలుపుతున్నాము అని మరల అడుగక తప్పదు.

ముగింపు

ఒంగోలులో 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒక కొండెక్కి, క్రింద కనిపించే పల్లెల కొరకు ప్రార్థించారు. ఆ స్థలము నేటికీ ప్రార్థన కొండగానే పిలువబడుతున్నది. హెవెన్‌ఫీల్డ్‌లో మట్టి పోసిన తరువాత మోకాళ్లు వంగిన క్షణానికి ఇది దగ్గరగా ఉంది.

నేడు మన ప్రాంతంలో గుట్టమీదనో ఊరుమ్మడి స్థలంలోనో సిలువ నిలిపితే, అది భూమికి సంబంధించిన వివాదముగా మారే అవకాశము ఉంది. అప్పుడు అభ్యంతరము చెప్పేవారినందరినీ సువార్త విరోధులుగా ఎంచడము సులువు. డొన్నకొనా వ్రేళ్లు మనకు గుర్తుండాలి. ఈ నేల ఎవరిది, వారిని అడిగామా అనే ప్రశ్న అవిశ్వాసము కాదు, న్యాయము. సొంత ముంగిట నాటే విశ్వాసికి ఆ చిక్కు లేదు. కాని అతని ఇంటికి కూలి అడగడానికి వచ్చినవాడు, అప్పు తీర్చలేక వచ్చినవాడు ముందుగా ఆ సిలువ ప్రక్కగానే నడిచి లోపలికి వస్తాడు. లోపల అతనికి దొరికే మాటనుబట్టి ఆ సిలువ అర్థమేమిటో అతడు నిర్ణయించుకొంటాడు. గుంట త్రవ్వకముందు కాపరులు తమ విశ్వాసులతో కూర్చుండి ఈ సంగతి మాట్లాడాలని మా మనవి.