పాత తుపాకికి కొత్త మెరుగు

మకిలి పట్టిన ఇత్తడి చెంబును చింతపండుతో తోమినచో దాని విలువ తగ్గదు. పాత తుపాకికి ఈ న్యాయము చెల్లదు.

1847లో శామ్యూల్ కోల్టు అమెరికా సైన్యమునకై ‘వాకర్’ రివాల్వరును చేయించెను. అప్పటికి ఆయనకు సొంత కర్మాగారము లేదు. పత్తిగింజలు తీయు యంత్రముతో ప్రసిద్ధికెక్కిన ఎలై విట్నీ కుమారుని కర్మాగారమున ఇవి తయారైనవి. సైన్యమునకు 1000, ఇతరులకు సుమారు 100 మాత్రమే. బరువు నాలుగున్నర పౌన్లు. ఒక్కొక్క గదిలో 60 గ్రెయిన్ల వరకు మందు పట్టెడిది. ఆనాటి లోహము ఆ ఒత్తిడికి ఆగక పెక్కింటి సిలిండర్లు పగిలినవి. మిగిలినవానిలో పెట్టెతో సహా నిలిచిన ఒకటి 2018 వేలమున 18 లక్షల డాలర్లు దాటినది.

అన్ని వాకర్లును ఇట్లు పలుకవు. సిలిండరుపై టెక్సాస్ రేంజర్లకును కొమాంచీలకును 1844లో జరిగిన పోరాట చిత్రము అచ్చొత్తబడి యుండును. ఆ గీతల లోతు అత్యల్పము. తుప్పు పోవలెనని గరుకు కాగితముతో రుద్దినచో తుప్పుతోపాటు చిత్రమును పోవును. నీలి మెరుగు సంగతియు అంతే. అది పూసిన రంగు కాదు, ఇనుము ఆక్సిజన్‌తో కూడగా ఏర్పడిన పలుచని పొర. మరల కల్పింపవచ్చును, కాని రుద్దుటచే గుండ్రనైన అంచులు, మసకబారిన అక్షరములు గుట్టు బయటపెట్టును. కొత్తగా మెరయు తుపాకిని చూచి అనుభవజ్ఞుడు వెనుకాడుట ఇందుచేతనే.

ముఖ్య భాగములపై దళము పేరు, వరుస సంఖ్య గ్రుద్దబడి యుండును. గొట్టముపై ఒక సంఖ్య, సిలిండరుపై మరొకటి కనబడినచో ధర పడిపోవును. పగిలిన సిలిండరును మార్చినది ఆనాటి సైనికుడే కావచ్చును. వేలములో ఆ వాదమునకు పలుకుబడి తక్కువ.