కోఠీ వీధుల్లో మన ఊళ్ల చరిత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకన్నా బాగా రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మనందరికీ తెలిసిన ఒక చోటు గురించి, అక్కడ మనకు ఎవరూ చెప్పని సంగతుల గురించి రాస్తున్నాను. ఆ చోటు హైదరాబాద్‌లోని కోఠీ. డిగ్రీ పుస్తకాలకో, గ్రూప్స్ పరీక్షల పుస్తకాలకో, సుల్తాన్ బజార్‌లో పెళ్లి బట్టలకో మన మోతె, మునగాల, కోదాడ వాళ్లు అక్కడ కాళ్లరిగేలా తిరిగినవాళ్లే.

హైదరాబాద్ పాత వీధుల్లో ఆదివారం పొద్దున ‘హెరిటేజ్ వాక్’ పేరుతో నడకలు జరుగుతుంటాయి. పదిహేను ఇరవై మంది ముందుగా పేర్లు ఇచ్చి, కొంత రుసుము కట్టి, గైడ్ వెంట రెండు మూడు గంటలు నడుస్తారు. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు సొంతంగా నడుపుతున్నవే వీటిలో చాలా ఉన్నాయి. దుకాణాలు తెరవకముందే బయలుదేరడంలో ఒక కిటుకు ఉంది. సందడి లేని వేళ తల ఎత్తి చూస్తేనే బోర్డుల పైన ఉన్న పాత మేడలు, కమానులు, చెక్క కిటికీలు కంటికి ఆనుతాయి. 1591 నాటి చార్మినార్ దగ్గర మొదలై గుల్జార్ హౌజ్, లాడ్ బజార్, చౌమహల్లా ప్యాలెస్ వైపు సాగే నడకలకు ఆదరణ ఎక్కువ.

అహ్మదాబాద్‌లో ఇలాంటి నడకను నగరపాలక సంస్థే 1997 నవంబర్ 19న మొదలుపెట్టింది. కాలూపూర్ స్వామినారాయణ గుడి నుంచి జామా మసీదు దాకా పాత వీధుల గుండా అది సాగుతుంది. 2017లో ఆ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే.

ఇక కోఠీ నడక సంగతి. అక్కడ అందరూ చూసేది బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. అతనికీ ఖైరున్నీసాకూ నడిచిన ప్రేమకథ చెబుతారు. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఆ భవనం మీద చేసిన దాడి గురించి చెబుతారు. 1949లో అది మహిళా కళాశాల అయిన సంగతీ చెబుతారు. అన్నీ వినదగినవే. నేను వెళ్లిన ఒక నడక అక్కడితోనే ముగిసింది. గేటు బయట ఉన్న సుల్తాన్ బజార్ వైపు గైడ్ చెయ్యి కూడా చూపలేదు. మన కథ మొదలయ్యేది ఆ గేటు బయటే.

సుల్తాన్ బజార్‌ను పూర్వం రెసిడెన్సీ బజార్ అనేవారు. నిజాం రాజధానిలోనే ఉన్నా 1933 వరకు అది బ్రిటిష్ రెసిడెంట్ అధికారం కింద ఉండేది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది తెలుగువాళ్లే అయినా కచేరీ భాష ఉర్దూ. తెలుగు పుస్తకాలకు ఒక నిలయం కావాలని తలచినవాళ్లు ఈ బజార్‌నే ఎంచుకున్నారు. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. ఆయన నల్లగొండ జిల్లా మనిషి. ఆయనతో కలిసి దాన్ని నిలబెట్టినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు ముఖ్యులు.

అప్పట్లో మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా, అది మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాలో భాగం. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది, ఇప్పుడు మన సూర్యాపేట జిల్లాలో ఉంది. రాజావారి కోట నడిగూడెంలో ఉంది. 1906లో కొమర్రాజు హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని మొదలుపెట్టారు. చరిత్రనూ విజ్ఞానశాస్త్రాన్నీ తెలుగులో అచ్చువేయించారు. ఆ మండలి తొలి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. మన పొరుగు పరగణా దివాను పూనికతో తెలుగువాడి చేతికి లింకన్ కథ అందిందన్నమాట.

సుల్తాన్ బజార్ నుంచి జాంబాగ్ వైపు నడిస్తే వివేకవర్ధని వస్తుంది. 1921 నవంబర్‌లో అక్కడ జరిగిన సంఘసంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్రమహాసభ అయి, 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకుంది. 1941 నాటి ఎనిమిదో మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మన చిలుకూరులో జరిగింది. నగరంలో చిలుకూరు అనగానే వీసా బాలాజీ గుడి అనుకుంటారు. ఇది కోదాడ, హుజూర్‌నగర్ మధ్య ఉన్న చిలుకూరు. కోఠీ వీధుల్లో భాష కోసం మొదలైన పని నలభై ఏళ్లకు రైతుల గోడు వినే సభగా మన పల్లెల్లోకి వచ్చింది.

ఇవి నడకల్లో వినిపించనందుకు గైడ్లను తప్పుపట్టి లాభం లేదు. రెసిడెన్సీ కథ ఇంగ్లిష్ పుస్తకాల్లో సులువుగా దొరుకుతుంది. భాషా నిలయం కథ తెలుగులో ఉంది. అది చదివి, ఆ వీధిలో నిలబడి చెప్పే మనిషి కావాలి. తొందర కూడా ఉంది. సుల్తాన్ బజార్ మీదుగా 2020 ఫిబ్రవరిలో మెట్రో రైలు మొదలైంది. స్తంభాల మధ్య ఆ వీధిని ఇప్పుడు వెతుక్కుంటూ చూడాలి. ఇళ్లు పోయాక ‘ఇక్కడ ఉండేది’ అని చెప్పడానికైనా ఆ చోటు తెలిసినవాళ్లు మిగలాలి.

కొంతకాలంగా బంధువుల పిల్లలను నేనే ఆ దారిన తీసుకెళ్తున్నాను. రెసిడెన్సీ గేటు, సుల్తాన్ బజార్, భాషా నిలయం, వివేకవర్ధని. నెమ్మదిగా నడిచినా రెండు గంటల్లో అయిపోతుంది. మునగాల రాజా పేరు చెప్పగానే మా అన్న మనవడు “మన మునగాలేనా తాతా?” అని అడిగాడు. అవునన్నాక వాడు మిగతా దారంతా నా పక్కనే నడిచాడు.

సంఘానికి నా విన్నపం ఇది. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఒక ఆదివారం ఈ నడకకు తీసుకొద్దాం. బస్సు ఖర్చు మనం పెట్టుకుందాం. వచ్చే ముందు సాంఘికశాస్త్రం సార్లు, మేడమ్‌లు వాళ్లచేత నడిగూడెం కోట, చిలుకూరు, సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి చూపిస్తే మంచిది. పిల్లలమర్రిలో నామిరెడ్డి 1202లో కట్టించిన నామేశ్వరాలయం, ఎరకసానమ్మ 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ఉన్నాయి. ఒక్కో చోటు గురించి ఒక్కో పిల్లవాడు, ఒక్కో పిల్ల చదువుకుని వచ్చి మిగతావాళ్లకు చెప్పాలి. గైడ్లు వాళ్లే కావాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెట్టండి. కోఠీలో పిల్లల కోసం ఎదురుచూసే పని నాది.